మూటలమ్మ ఇచ్చిన మాట

కట్టుడు పళ్ల సెట్లు చేసేవాళ్లు ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి పోతున్నారని ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ చెప్పిందట. ఎవరో చెబితే విని చెప్పింది కాదట, కళ్లారా చూసి, చెవులారా విని మరీ చెప్పిందట. ఇంటాయన వచ్చాడట, వెంట ఇల్లు కొనేవాడొకడు వచ్చాడట, ఆ ఇంట్లో ముసలావిడ చేతులు కట్టుకుని నిలబడి "మీరెప్పుడు పొమ్మంటే అప్పుడు పోతాం బాబూ" అందట. కోడలు ఇంట్లో లేని వేళ చూసి అందట. కోడలికి ఇంకా తెలీదట. తెలిసిన రోజున ఆ ఇంట్లో పళ్లు బల్ల మీద కాదు, నేల మీద రాలతాయి చూసుకోండి అని కూడా అందట.

ఈ కబురు ఇస్త్రీ బండి దగ్గర బయల్దేరి, పాలవాడి సైకిలెక్కి, వీధి చివర కిరాణా కొట్లో దిగింది. కొట్టాయన దాన్ని సబ్బుబిళ్లతో పాటు చుట్టి ఒక ముసలావిడ చేతిలో పెట్టాడు. పెట్టాక గానీ చూసుకోలేదు, ఆ ముసలావిడే ఈ ముసలావిడని.

"అయ్యో, మీరేనా పిన్నిగారూ! కళ్లజోడు మసకగా ఉండి పోల్చుకోలేదు" అని నాలిక్కరుచుకున్నాడు.

"తుడుచుకో నాయనా. కబురు చెప్పేటప్పుడన్నా మనిషి కనపడాలి" అంది ఆవిడ. సబ్బు కొంగున కట్టుకుని కొట్టు మెట్లు దిగింది.

వీధిలో అందరూ ఆమెను మూటలమ్మ అంటారు. కాపురానికి వచ్చిన నాటినుంచి పదకొండు అద్దె ఇళ్లు మారింది. ఒకచోట ఇంటాయన తమ్ముడికి పెళ్లయింది, ఒకచోట ఇంటావిడకి వీళ్ల పిల్లాడి ఏడుపు నచ్చలేదు, ఇంకోచోట ఏ కారణమూ లేదు, పొమ్మన్నారు అంతే. పొమ్మంటే పోవడమే. అందుకని ఏ ఇంట్లో దిగినా సామానులో సగమే విప్పేది. మిగతా సగం మూటల్లోనే ఉండేది. "విప్పడం ఒక పని, మళ్లీ కట్టడం ఇంకో పని, ఎందుకొచ్చిన గొడవ" అనేది. గోడకి మేకు కొట్టి ఎరగదు. మేడ మీద ఇంటావిడ తలంటుకున్న నీళ్లు వీళ్ల పొయ్యి మీద కారితే, "చల్లగా ఉందమ్మా" అన్న మనిషి. ఇంటివాళ్ల అడుగులకి మడుగులొత్తీ ఒత్తీ ఆ నడుముకి ఆ వంపే నిలిచిపోయింది.

ఈ పన్నెండో ఇల్లు మాత్రం కొడుకు చూసింది కాదు. కొడుకు దూరాలు తిరిగే లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఇల్లు వెతికింది, బేరమాడింది, కాగితం రాయించి సంతకం పెట్టింది కోడలు. ముందు పెద్ద గది, దానికి రెండు కిటికీలు, వెనక వంటిల్లు, పక్కన పడకగది. ముందు గదిలో కోడలు పళ్ల సెట్లు చేస్తుంది. ఊళ్లో ఐదుగురు పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపుతారు. కోడలు వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీస్తుంది, దవడల మీద గులాబీ రంగు మైనం పరిచి పళ్లు ఒక్కొక్కటే నిలబెడుతుంది, కీలున్న ఇత్తడి మరలో పై దవడనీ కింది దవడనీ బిగించి కొరుకుడు చూస్తుంది. మైనం మీద ఉన్నప్పుడే డాక్టరు రోగి నోట్లో పెట్టి చూసి సరేనంటే, అప్పుడు మైనం కరిగించి అసలు చిగుళ్లు పోస్తుంది. ఆమె చేసిన పళ్లతో చెరుకు నమిలినవాళ్లున్నారు. పెళ్లాంతో పోట్లాడినవాళ్లూ ఉన్నారు, అంతకు ముందు నోట్లో మాట నిలవక ఊరుకునేవాళ్లు.

జరిగిన సంగతి ఇదీ. నిన్న మధ్యాహ్నం కోడలు తయారైన రెండు సెట్లు ఇవ్వడానికి డాక్టరు దగ్గరకి వెళ్లింది. మూటలమ్మ బకెట్ ముందు కూర్చుని ఉంది. ఆ బకెట్ ఆమె రాజ్యం. ప్లాస్టర్ కలిపిన గిన్నెలు, కత్తులు, చేతులు కడిగిన నీళ్లన్నీ అందులోనే పడాలి. తేరుకున్నాక పైనున్న తేట నీళ్లు మాత్రం పారబోసి, అడుగున గడ్డకట్టింది గోనెసంచిలోకి ఎత్తాలి. తెల్లనీళ్లు ఒక్క దోసెడు కాలవలోకి పోయినా గొట్టంలో రాయై కూర్చుంటుంది. మూడేళ్లలో ఒక్కసారి కూడా పోలేదు. ఇంట్లో ఎవరినన్నా గదిమే హక్కు మూటలమ్మకి ఉందంటే ఆ ఒక్క బకెట్ విషయంలోనే.

అప్పుడు తలుపులో తాళంచెవి తిరిగింది. తట్టలేదు, పిలవలేదు, తిరిగింది అంతే.

మంచం దిగడానికి పావుగంట పట్టే మనిషి, ఇంటాయన గొంతు వినపడగానే స్ప్రింగులా లేచింది. ఇంటివాళ్లు వస్తే ఇల్లు ఖాళీగా కనపడాలి, మనం అక్కడ ఉంటున్నట్టే కనపడకూడదు. అది ఆమె యాభయ్యేళ్ల చదువు. బల్ల మీద మైనంలో నిలబెట్టిన ఏడు సెట్లున్నాయి. వాళ్లు గుమ్మంలో నిలబడి అరుగు చూసుకునేలోగా ఏడింటినీ రేకు పళ్లెంలోకి ఎత్తి, పడమటి కిటికీ గట్టు మీద పెట్టి, పరదా లాగి దాచేసింది. బల్ల తుడిచింది. చేతులు తుడుచుకుంది. నవ్వు మొహం పెట్టింది.

ఇంటాయన చెడ్డవాడేం కాదు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, నవ్వు పెద్దది. తండ్రి కట్టిన ఇల్లని గోడలు తడుముతూ తిరుగుతాడు. వెంట వచ్చినాయన మందుల కొట్టు పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు. ఇద్దరూ కొళాయిలు తిప్పారు, గోడలు తట్టారు. వెళ్తూ వెళ్తూ ఇంటాయన మామూలుగానే అడిగాడు:

"ఏం పెద్దమ్మా, ఖాళీ చేయాల్సొస్తే మీకేం ఇబ్బంది లేదుగా?"

"మాదేముంది బాబూ. మీరెప్పుడు పొమ్మంటే అప్పుడు పోతాం. ఈ నెలాఖరుకైనా సరే."

ఆయన నెలాఖరు అనలేదు. అడగని కొసరు ఈమే వేసింది.

వాళ్లు వెళ్లాక అరగంటకి పళ్లెం గుర్తొచ్చింది. పడమటి ఎండ, రేకు పళ్లెం. పరదా తీసి చూస్తే మైనం చెమట పట్టి జారింది. పై వరస పళ్లు కింది వరస మీద వాలి కునుకు తీస్తున్నాయి. ఒక సెట్టుకైతే ముందు పళ్లు రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని, తాగి ఇంటికొస్తున్న స్నేహితుల్లా ఉన్నాయి.

కోడలు వచ్చి చూసి అడిగింది, "ఇవి కిటికీలోకెందుకెళ్లాయత్తయ్యా?"

"కాస్త గాలి తగులుతుందని..."

"మైనానికి గాలేంటి?"

మూటలమ్మ బకెట్‌లోకి చూసింది. కోడలు ఇంకేం అడగలేదు. స్పిరిట్ దీపం వెలిగించి, మొదటి సెట్టు చేతిలోకి తీసుకుని, వాలిన పళ్లన్నీ పీకి మళ్లీ మొదలుపెట్టింది. ఆ మౌనమే ముసలావిడకి ముల్లులా దిగింది.

ఇప్పుడు కొట్టు నుంచి ఇంటికి నడుస్తుంటే ఆ ముల్లు అడుగడుక్కీ గుచ్చుకుంటోంది. ఇంటి మలుపు తిరిగేసరికి ఇస్త్రీ ఆవిడ కనపడింది. చేతిలో వీళ్ల బట్టల దొంతర, కాళ్లు వీళ్ల గుమ్మం వైపు. నాలుగు చీరలు, ఒక కబురు.

"ఇలా ఇయ్యవే, నేను పట్టుకెళ్తాను" అంది మూటలమ్మ ఎదురెళ్లి.

"నీకెందుకు పిన్నీ శ్రమ, నేనిచ్చొస్తాలే. అమ్మాయితో చిన్న మాటుంది."

"ఆ మాట నాది. నేను చెప్పుకుంటాను. నీ బండి మీద బొగ్గు ఆరిపోతోంది చూసుకో."

ఇస్త్రీ ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పి బట్టలిచ్చింది.

లోపల కోడలు ఐదో సెట్టు పూర్తిచేసి ఆరోది పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూటలమ్మ బట్టలు కుర్చీలో పెట్టి, బల్ల ఇవతల నిలబడింది.

"అమ్మాయ్, ఒక మాట."

"చెప్పండత్తయ్యా."

"ముందు ఆ కత్తి కింద పెట్టు. అప్పుడు చెప్తాను."

కోడలు కత్తి పెట్టింది. మూటలమ్మ దాచకుండా, తగ్గించకుండా అంతా చెప్పింది. తాళంచెవి తిరగడం, పళ్లెం ఎత్తడం, చేతులు కట్టుకోవడం, ఆఖరికి ఆ కొసరు కూడా. కోడలు వింటూ వింటూ ఆ కొసరు దగ్గర ఆగింది.

"నెలాఖరుకా?"

"ఊఁ."

"ఆయనడిగాడా?"

"లేదు."

"మీరెవరత్తయ్యా మాటివ్వడానికి?"

అరవలేదు, గొంతు పెంచలేదు. అయినా ముసలావిడకి చెంప మీద కొట్టినట్టయింది. ఉడుకుమోత్తనం పొంగుకొచ్చింది.

"నేనెవర్నా? నీ మొగుణ్ణి కన్నదాన్ని!"

"కన్నారు, కాదన్లేదు. ఈ ఇంటి కాగితం మీద సంతకం మాత్రం నాది. ఇప్పుడు లేచిపోతే ఏమవుతుందో తెలుసా? పాలిష్ పట్టే మోటారు ఊడదియ్యాలి, చిగుళ్లు ఉడికించే పొయ్యి ఊడదియ్యాలి, ఇంకోచోట బిగించేసరికి రెండు నెలలు. ఈలోగా డాక్టర్లు ఊరుకుంటారా? వేరేవాళ్లకి మరుగుతారు. ఒకసారి మరిగిన డాక్టరు మళ్లీ మన గుమ్మం తొక్కడు. ఏడేళ్లుగా కట్టుకున్న పనత్తయ్యా ఇది. రెండు ముక్కల్లో ఇచ్చేశారు."

మూటలమ్మ కుర్చీలో బట్టల మీదే కూలబడింది. ఇస్త్రీ మడతలన్నీ నలిగాయి. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి కోడలే లేచింది. మైనం రేకులు పెట్టుకునే డబ్బా అడుగు నుంచి కాగితాల కట్ట తీసింది. మైనం వాసన వేస్తోంది. ముసలావిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇదిగో, ఇక్కడ. అద్దెదారు అని రాసుందే, అది నేను. ఐదేళ్లకి రాసుకున్నాం. మూడేళ్ల రెండు నెలలు అయ్యాయి. ఇంకా ఏడాది పది నెలలు ఉన్నాయి. ఈలోగా ఆయన పొమ్మంటే పోవక్కర్లేదు."

"పొమ్మంటే పోవక్కర్లేదా?"

"అద్దె ఆపితే పోవాలి. గోడలు పడగొడితే పోవాలి. మనం ఇంకొకళ్లకి అద్దెకిచ్చి సొమ్ము చేసుకుంటే పోవాలి. కాలవ పూడ్చేస్తే పోవాలి. మనం ఏం చేశాం వీటిలో?"

"కాలవా? కాలవ సంగతి నన్నడుగు! తెల్లనీళ్లు ఒక్క చుక్క..."

"అదే చెప్తున్నా. మన వంతు మనం చేశాం. ఇంక ఆయన వంతు. ఇది చూడండి, ఇంట్లోకి రావాలంటే ఒకరోజు ముందు చెప్పాలి, మనకి కుదిరిన వేళకి రావాలి. నిప్పంటుకున్నా, గొట్టం పగిలినా చెప్పకుండా రావచ్చు, ఆ తాళంచెవి అందుకిచ్చిందే. ఊరికే తిప్పుకుని రావడానికి కాదు."

"ఇంత మాట ఆయన రాసిచ్చాడా?"

"రాయించింది నేను. చదివి సంతకం పెట్టింది ఆయన. ప్రతి పేజీ మీదా పెట్టాడు చూడండి, తోక ఎంత పొడుగు లాగాడో."

మూటలమ్మకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. వేలు పెట్టి ఆ తోక తడిమింది. ఇంటివాడు ఒకడు తన ముందరికాళ్లకి తనే బంధం వేసుకోవడం ఆమె పదకొండిళ్లలో ఎక్కడా చూడలేదు.

"మరి ఇల్లు ఆయనదే కదే?"

"ఆయనదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, కొడుక్కి రాసివ్వచ్చు. కొన్నవాడు మనతో సహా కొనుక్కోవాలి. ఆ ఏడాది పది నెలలూ ఇందులో ఉండే హక్కు మాత్రం మనది. ఆయన దయ కాదత్తయ్యా. మనం తీసుకున్నాం, ఆయనిచ్చాడు."

ముసలావిడ కాగితాలు మడిచి కోడలి చేతికిచ్చింది. తర్వాత ఉన్నట్టుండి అంది:

"మా నాన్న కౌలుకి చేసేవాడు."

"మామయ్యగారు చెప్పేవారు."

"మీ మామయ్యకేం తెలుసు, ఆయన చూశాడా పెట్టాడా. నాకప్పుడు పదేళ్లు. గింజ పాలుపోసుకుంటున్న చేను. ఆసామి అడ్డదారిన పోదామని బండి గట్టు దించబోయాడు. భూమి ఆయనదే మరి. మా నాన్న ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకున్నాడు. 'కోత కోసేదాకా ఈ చేను నాది. కోశాక ఏనుగుల్ని తోలుకో, నేనడగను' అన్నాడు. ఆసామి బండి వెనక్కి తిప్పుకున్నాడు. ఊళ్లో ఒక్కడు కూడా మా నాన్నది తప్పనలేదు. పైరు నిలబడి ఉండగా భూమి గలవాడైనా సరే కాలు పెట్టడు. అది మాకు అందరికీ తెలుసు." ఆగింది. "మరి ఇళ్లకొచ్చేసరికి నాకెవరూ చెప్పలేదే!"

"ఇప్పుడు నేను చెప్తున్నాగా."

మూటలమ్మ బల్ల మీద వరసగా ఉన్న ఇత్తడి మరల వైపు చూసింది. ఐదు సెట్లు బుద్ధిగా నిలబడ్డాయి. రెండు ఇంకా వాలి ఉన్నాయి.

"అంటే ఇది నిలబడ్డ చేనన్నమాట. ఆయన బండి తోలడానికి రాలేదే అమ్మాయ్. నేనే గట్టు తెంపి, రండి బాబూ అన్నాను."

"పడ్డ పైరు లేపుతున్నాగా. లెండి, మడతలు నలుగుతున్నాయి" అంది కోడలు. ఈసారి గొంతులో వేడి లేదు.

ఇంటాయన వెళ్లేటప్పుడు శుక్రవారం మళ్లీ వస్తానన్నాడు, గదులు కొలుచుకోవడానికి. ఏ వేళకో చెప్పలేదు, మీకు కుదురుతుందా అని అడగనూ లేదు. కోడలు అప్పుడే కాగితం, పెన్ను తీసింది. ఉత్తరం రాసి పంపిస్తే సరిపోతుంది, మీరిచ్చిన మాట ఎలాగూ చెల్లదు అంది.

'చెల్లదు' అన్న మాట దగ్గర ముసలావిడకి మళ్లీ పొడుచుకొచ్చింది. చింత చచ్చినా పులుపు చావదు కదా.

"చెల్లని మాటే అనుకో. నా నోటి మాటే కదా! ఇన్నేళ్లలో మాటిచ్చి తప్పానని నన్నెవరూ అనలేదు. నోటితో ఇచ్చింది నోటితోనే వెనక్కి తీసుకోవాలి. నువ్వు ఉత్తరం రాస్తే, ముసలిది ఏదో వాగింది, కోడలు దిద్దుకుందని అంటారు. నేనే చెప్తాను ఆయనకి."

"మీరా?"

"ఏం, నాకు నోరు లేదా?"

కోడలు నవ్వాపుకుంది. "సరే, నేనే ఇంటాయన్ననుకోండి. చెప్పండి చూద్దాం." లేచి తలుపు దగ్గరకెళ్లి, పొట్ట ముందుకి పెట్టి, గొంతు లావు చేసింది. "ఏం పెద్దమ్మా! ఎలా ఉన్నారు? కొలతలు తీసుకుంటాం, పక్కకి జరుగుతారా?"

"అలాగే బాబూ" అంది మూటలమ్మ, జరిగింది కూడా.

జరిగాక తెలిసింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ కోడలికి కళ్లనీళ్లొచ్చాయి. రెండోసారి మూటలమ్మ "కుదరదు బాబూ" అంది గానీ చేతులు వాటంతటవే కట్టుకుపోయాయి. మూడోసారి చేతులు విప్పింది, నడుం వంగింది. ప్లాస్టర్ గిన్నె నేలకేసి తడుతూ బుడగలు పోగొట్టేటప్పుడు కూడా గొణుక్కుంటూనే ఉంది, "కుదరదు బాబూ, కుదరదు బాబూ" అని. పాలవాడు విని పాలు కుదరవేమోనని తిరిగి వెళ్లిపోబోయాడు.

శుక్రవారం పొద్దున్నే కోడలు ఏడు సెట్లూ మళ్లీ మైనంలో నిలబెట్టింది. ఏడూ బల్ల మీద ఉన్నాయి. మధ్యాహ్నం నోట్లో పెట్టి చూడ్డానికి డాక్టర్ల దగ్గరకి వెళ్లాలి, అక్కడ ఏడుగురు మనుషులు నోళ్లు తెరుచుకుని కూర్చుని ఉంటారు. అందులో ఒక హెడ్మాస్టరు, పాఠం చెబుతుంటే నోట్లోంచి ఈల వస్తోందని నెలరోజులుగా బడికి సెలవు పెట్టినవాడు. మూటలమ్మ ఒక్కొక్క సెట్టు దగ్గరా వంగి చూసింది. సన్నటి చిగుళ్ల అంచు, ఆ అంచులో పన్ను పాతుకున్నట్టు, ఒక పన్ను కొంచెం వంకర కూడా, ఆ మనిషి పాత ఫొటో చూసి కోడలు కావాలనే పెట్టిన వంకర. ఇన్నాళ్లూ బకెట్ చూసింది గానీ ఈ పని ఇంత దగ్గరగా చూడలేదు. నా కోడలు చేసింది అనుకుంది. నా ఇంట్లో అనుకుంది. ఆ రెండో మాట అనుకున్నాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

కోడలు వేరే తయారైన సెట్టు పట్టుకుని పాలిష్ మోటారు ముందు కూర్చుంది. "నేను లేవను. మీరు పిలిస్తేనే వస్తాను" అంది.

"నువ్వు కదలకు" అంది మూటలమ్మ, వెళ్లి తలుపు లోపలి గడియ పెట్టింది.

పదకొండు గంటలకి తాళంచెవి తిరిగింది. తలుపు కదల్లేదు. ఇంకోసారి తిరిగింది. బయట "ఇదేంటి, తాళం పాడైందా" అన్న గొంతు. తర్వాత తట్టడం.

మూటలమ్మ గడియ తీసి, తలుపు ఒక మనిషి పట్టేంత తెరిచి, ఆ సందులో తనే నిలబడింది. మెట్టు మీద ఇంటాయన, మెట్టు కింద మందుల కొట్టాయన, ఆయన చేతిలో కొలత టేపు. రోడ్డవతల ఇస్త్రీ పెట్టె చొక్కా మీద ఆగిపోయింది.

"గడియెందుకు పెట్టారు పెద్దమ్మా? పగటిపూట కూడా దొంగలొస్తున్నారా?" అని పెద్దగా నవ్వాడు ఇంటాయన.

"దొంగలు రాలేదు బాబూ. పని జరుగుతోంది."

"జరగనీండి, మేమేం అడ్డం రాం. కొలతలు తీసుకుని వెళ్లిపోతాం."

మూటలమ్మ చేతులు కడుపు దగ్గర కలుసుకోబోయాయి. ఆమె వాటిని విడదీసి, రెండిటినీ తలుపు కమ్ములకి చెరోవైపూ ఆనించింది. పడిపోకుండా పట్టుకున్నట్టే ఉంది. నిజానికి అందుకే పట్టుకుంది.

"బాబూ, మొన్న నేను నెలాఖరుకి ఖాళీ చేస్తామన్నాను."

"అన్నారు కదా! ఈయన సాక్షి. అందుకేగా బయల్దేరి వచ్చాం."

"తప్పన్నాను. అనాల్సిన మాట కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఇంటాయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ కళ్లలోంచి దిగిపోయింది.

"వెనక్కి తీసుకోవడమేంటి పెద్దమ్మా? పెద్దవారు, మాటంటే మాటే అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకునేదాన్ని. అందుకే చాటుగా కాదు, మీ మొహం మీదే చెప్తున్నా. ఆ మాట ఇచ్చే హక్కు నాది కాదు బాబూ, నా కోడలిది. నాది కానిది మీకిచ్చాను. ఈ పెద్దాయన ముందే ఇచ్చాను, ఈయన ముందే తీసుకుంటున్నాను."

మందుల కొట్టాయన టేపు వేలికి చుట్టుకుంటూ, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు. "ఇంతకీ ఇంకా ఎన్నాళ్లుందమ్మా మీకు?"

మూటలమ్మ ఆ చేతి వెనక నోరు చూసింది. పై వరసలో మూడు, కింద రెండు లేవు. ఏళ్ల తరబడి పళ్లు చేసే ఇంట్లో ఉంటే కన్ను దానంతటదే లెక్క కడుతుంది.

"ఏడాది పది నెలలు. మీరు కొనుక్కోండయ్యా, మేం అడ్డం రాం. కొన్న రోజు నుంచి మీరే మాకు ఇంటాయన. అద్దె మీ చేతికే ఇస్తాం. కాలవ ఇప్పుడెంత శుభ్రంగా ఉందో అలాగే అప్పజెప్తాం. చూసుకోండి కావాలంటే, గొట్టంలో చెయ్యి పెట్టి చూసుకోండి. ఏడాది పది నెలలయ్యాక మందుల కొట్టు పెట్టుకుందురుగాని."

"నాకీ సంగతి చెప్పలేదే మీరు?" అన్నాడు మందుల కొట్టాయన ఇంటాయన వైపు తిరిగి.

"చెప్పడానికేముంది! అద్దెకున్నవాళ్లు. పొమ్మంటే పోతారు. ఎక్కడైనా అంతే." ఇంటాయన మెడ ఎర్రబడింది. "ఏం పెద్దమ్మా, కోడలు బాగానే చదువు నేర్పిందే! లోపల కూర్చుని నేర్పుతోందా? బయటికి రమ్మనండి, ఆవిడతోనే మాట్లాడతాను."

లోపల మోటారు చప్పుడు ఆగింది. మూటలమ్మ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది.

"ఆవిడకి పనుంది. ఏడుగురికి మధ్యాహ్నం పళ్లు పెట్టి చూడాలి. నాతో చెప్పండి, నేనూ ఈ ఇంటి మనిషినే."

"ఏం చెప్పను? మూడేళ్లు ఒక్క మాట అనకుండా ఉండనిచ్చాను. పైసా పెంచలేదు. నా తండ్రి కట్టిన ఇల్లమ్మా ఇది, నాలుగు రాళ్లు నా చేత్తో కూడా మోశాను. దీన్ని చూసుకోవడానికి నాకు అడ్డమేంటి?"

ఆ గొంతులో నిజంగానే నొప్పి ఉంది. మూటలమ్మకి అది అర్థమైంది. ఆమె మనసు ఒక్క అడుగు పక్కకి జరిగింది. కాళ్లు మాత్రం జరగలేదు.

"మంచి ఇల్లు కట్టారు బాబూ మీ నాన్నగారు. కప్పు ఒక్కచోట కారదు. మేం దీన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నాం. మీరు రావద్దని కాదు. రేపు పదింటికి రండి. కుర్చీలేసి కూర్చోబెట్టి, అన్ని గదులూ దగ్గరుండి చూపిస్తాను. ఇవాళ కుదరదు. మొన్న మీరు చెప్పకుండా వచ్చారు, నేను కంగారుపడి ఏడు సెట్లు ఎండలో పెట్టాను. మూడు రోజుల పని పోయింది."

"రెండు నిమిషాల పని పెద్దమ్మా! లోపలికి రానివ్వండి, గోడ నుంచి గోడకి టేపు పట్టి వెళ్లిపోతాం."

"కుదరదు బాబూ."

ఈసారి అది గొణుగుడు కాదు. రోడ్డవతల ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కమురు వాసన వేసింది. ఆవిడ చూసుకోలేదు.

ఇంటాయన ఒక మెట్టు పైకెక్కాడు. చేతిలో తాళంచెవి పైకెత్తి ఆమె కళ్ల ముందు ఊపాడు. మర్యాద ఎక్కడో జారిపోయింది.

"ఇది చూశావా? ఇది నా ఇంటి తాళంచెవి. నా ఇంట్లోకి నేను రావడానికి నిన్ను అడగాలా?"

"అడగాలి" అంది మూటలమ్మ.